నీళ్లు పోయడానికి ఒక్కరు

ఈ మాటలు ఇప్పుడే రాయాలి. ఆగితే నాకు ఏదో ఒక సాకు దొరుకుతుంది. మంఖాల్‌లో మా ఇంటి గోడ పక్కనే ఉండే ఖాలా చనిపోయి పదకొండు రోజులైంది. మా వాడలో, చుట్టుపక్కల ఊళ్లలో ముస్లిం ఆడవాళ్లు ఎవరు పోయినా ఆఖరి స్నానం చేయించింది ఆమే. దాన్ని మేము గుసుల్ అంటాం. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయించాలి. ఖాలా పోయిన రోజు ఆమెకు గుసుల్ చేయించడం వచ్చిన మనిషి ఊళ్లో ఒక్కరూ లేరు. రేపు ఇంకెవరైనా పోతే అప్పుడూ ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఖాలా అంటే పిన్ని. నాకు వరుసకు ఏమీ కాదు. వాడంతా అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

ఆ రోజు పొద్దున నేను ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో డ్యూటీలో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసింది. "ఖాలా లేస్తలేదే. నమాజ్ చాప మీదనే పక్కకు ఒరిగి ఉన్నది. ఎంత లేపినా లేస్తలేదు." నేను వచ్చేసరికి వాకిలి నిండా ఆడవాళ్లు. మసీదు నుంచి స్నానం చెక్క తెచ్చి వేశారు. చుట్టూ దుప్పట్లు కట్టారు. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. ఆ తర్వాత ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

"నువ్వు షురూ చెయ్యరాదే."

"నాకు నీళ్లు పోసుడే వచ్చు."

"నాకు గది గూడ సరిగ రాదు."

చివరికి పాతబస్తీలో గుసుల్ చేయించే ఒకామెకు ఫోన్ చేశారు. ఆమె వేరే ఇంట్లో అదే పనిలో ఉంది. ఆమె వచ్చేదాకా ఖాలా ఎదురుచూడాల్సి వచ్చింది. బతికుండగా ఒక్క చావుకూ ఆలస్యంగా వెళ్లని మనిషి.

ఆమె చెప్పకపోలేదు. "నేర్చుకోండ్రే" అని ప్రతిసారీ అనేది. "నువ్వున్నవ్ గద ఖాలా" అనేవాళ్లు మావాళ్లు. "నేనుంట, సరే. నేను పోయినంక నన్నెవరు కడుగుతరు? నేనే లేచి కడుక్కోవాల్నా?" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఖాలాకు పిల్లలు లేరు. భర్త నా చిన్నప్పుడే పోయాడు. రేకుల కప్పు కింద ఒక్క గది, అందులో ఒక కుట్టు మిషను. బ్లౌజులు, కుర్తాలు కుట్టేది. మా ఇళ్ల మీదుగానే విమానాలు కిందికి దిగుతాయి. చేతులు చాచి దువా చేస్తుండగా విమానం వస్తే ఖాలా అలాగే ఆగిపోయేది. అది పోయాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. "అల్లాకు వినిపిస్తది గద" అని నేనంటే, "ఆయనకు వినిపిస్తది. నాకు వినిపియ్యొద్దా? సగం మనసుతోని అడుగుతే గది అడుగుడెట్లయితది?" అనేది.

గుసుల్ కూడా అంతే. రేగాకులు వేసి కాచిన నీళ్లలో మోచెయ్యి ముంచి వేడి చూసేది, పసిపిల్లకు చూసినట్టు. చచ్చినోళ్లకు వేడి తెలుస్తదా అని ఒకామె ఎగతాళి చేస్తే, "ఆమెకు తెల్వకపోతే పాయె. నాకు తెలుస్తది గద" అంది.

ఒక్కదానివే ఎందుకు, మా ఇంట్లో పడుకో అని అమ్మ ఎన్నోసార్లు పిలిచింది. "ఒక్కదాన్నని ఎవరన్నరు? దినానికి ఐదుసార్లు పిలిచేటోడున్నడు నాకు. నిన్ను నీ మొగడు ఒక్కసారన్న పిలుస్తడా?" అని ఖాలా అంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. కానీ సాయంత్రం మిషను ఆగిపోయాక ఆ గదిలోంచి ఒక గిన్నె, ఒక గ్లాసు కడిగిన చప్పుడు మాత్రమే వచ్చేది. గోడకు ఇవతల చదువుకుంటూ ఆ చప్పుడు వినేదాన్ని.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. వాడలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నేను చెప్పింది నమ్మేవాళ్లు. ఆ నమ్మకంతో నేను చేసిన పని ఒకటి ఇక్కడ చెప్పాలి.

అది కరోనా రెండో ఏడాది. నేను డిగ్రీ చదువుతున్నాను. మా వీధి చివర కిరాయికి ఉండే ఒకామె జ్వరంతో ఇంట్లోనే పోయింది. భర్త గడప మీద కూర్చుండిపోయాడు. అంతకు ముందు రోజే నేను ఫోన్లో ఏదో చదివి నల్లా దగ్గర ఆడవాళ్లకు చెప్పాను. ఆ జబ్బుతో పోయినవాళ్లను ముట్టుకుంటే మనకూ అంటుకుంటుంది, ఎవరూ దగ్గరికి పోవద్దు అన్నాను. నేను చదివిన దాంట్లో అంత మాట లేదు. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో ఉంది. నేను భయపడ్డాను. జాగ్రత్తలు వదిలేసి భయం ఒక్కటే చెప్పాను.

ఖాలా ఇల్లిల్లూ తిరిగింది. "నీళ్లు పోయనీకి ఒక్కరు రాండ్రి. ముట్టుకునేది నేను ముట్టుకుంట. ఒక్కరు చాలు" అని అడిగింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు: "చదువుకున్న పిల్ల వద్దన్నది ఖాలా." అలా ప్రతి గడపలోనూ నా మాటే ఆమెకు ఎదురొచ్చింది. ఆఖరి గడప మాది. అమ్మ తలుపు సగం తీసి, నా వైపు చూసి, మళ్లీ మూయబోయింది.

ఖాలా కోప్పడలేదు. తలుపు సందులోంచే నాతో మాట్లాడింది. "నువ్వు చదివింది అబద్ధమంటలేను బిడ్డా. చేతులకు తొడుక్కునేటియి దొరుకుతయా? మూతికి గిట్ల ఏమన్న? జర తెచ్చిపెట్టు."

"నీకు భయం లేదా ఖాలా?"

"ఎందుకుండదే? భయపడొద్దని అల్లా అనలే. భయమైనప్పుడు ఎటు ఉరుకుతవో చూస్తడు. నాకు ఈ పనిచ్చిండు. నేను ఇటే ఉరుకుత."

మెడికల్ షాపు నుంచి గ్లౌజులు, మాస్కులు తెచ్చాను. ఆమె చేతికి కూడా ఇవ్వలేదు. గేటు మీద పెట్టి వెనక్కి జరిగాను. వానలో వేసుకునే ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఆమె ఒక్కతే లోపలికి పోయింది. నేను ఆ ఇంటి వెనక గోడకు ఇవతల నిలబడ్డాను. ఎందుకు వెళ్లిపోలేదో, ఎందుకు లోపలికి పోలేదో ఇప్పటికీ చెప్పలేను. నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. ఖాలా ఆ చనిపోయినామెతో మాట్లాడుతోంది. ఎప్పుడూ అలాగే మాట్లాడేది. "జర ఓర్చుకో బేటా. ఇప్పుడు ఇటు తిప్పుతున్న. నీళ్లు వేడి లేవు, నేను చూసిన." వీధిలో ఇంకే అలికిడీ లేదు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి.

ఆ తర్వాత చాలా వారాలు ఖాలా గదికి ఎవరూ పోలేదు. కుట్టడానికి బట్టలు ఇవ్వలేదు. ఆమె ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్లు. ఆమెకు జ్వరం రాలేదు. వచ్చి ఉంటే కూడా ఆమె ఆ రోజు వెళ్లడం తప్పయ్యేది కాదని ఇప్పుడు అనుకుంటాను. మరుసటి ఏడాది, తలుపులు మూసిన ఆ ఇళ్లలోనే ఇద్దరు ముసలమ్మలు పోయారు. కబురు రాగానే ఖాలా వెళ్లింది. ఆ రోజు మీరు రాలేదని ఒక్క మాట అనలేదు.

నేను మాఫీ అడగడానికి ఏడాది పైనే పట్టింది. ఆమె ఒక కుర్తాకు గుండీలు కుడుతోంది. సూది ఆపకుండా విన్నది. "నన్నెందుకడుగుతవ్? నాకేం చేసినవ్?" అంది. తర్వాత మిగిలిన గుండీ కూడా కుట్టి దారం తెంపింది.

దుప్పట్ల లోపల చూసింది బయట చెప్పకూడదని ఆమె నియమం. పోయినవాళ్ల ముఖం ఎట్లుంది, ఒంటి మీద ఏమన్నా ఉందా అని ఎంత గుచ్చి అడిగినా, "చూసింది నాతోని మట్టిలకే పోతది" అనేది. ఆ ఒక్కసారే నియమం తప్పింది.

"ఒక చేతితోని తిప్పుకుంట, ఒక చేతితోని నీళ్లు పోసుకుంట చేసిన. తల పట్టేటోళ్లు లేకుండె. పోయి చెక్కకు తగిలింది. చప్పుడైంది. చిన్న వయసే పాపం. పోయి ఆమెనడుగు మాఫీ."

ఆ చప్పుడు నేను విన్నాను. గోడకు ఇవతల నుంచి. చెంబు పడిందనుకున్నాను.

ఖాలా పోయిన రోజు, పాతబస్తీ నుంచి గుసుల్ చేయించే ఆమె వచ్చేసరికి సాయంత్రం అసర్ నమాజ్ అయిపోయింది. చేతులు కడుక్కుంటూ, "తల పట్టేదెవరు?" అని అడిగింది. ఎవరూ కదల్లేదు. నేను దుప్పటి ఎత్తి లోపలికి వెళ్లాను. నేను దుప్పటి అంచు ఇంకా వదలకపోవడం చూసి, "డర్ లగ్‌రా క్యా? భయమైతే బయటికి పో, ఇంకొకరిని పంపు" అంది.

"భయమైతుంది. పోను," అన్నాను.

తల అంత బరువుంటుందని నాకు తెలియదు. మిగతాది రాయను.

పని ముగిశాక ఆమెను అడిగాను, నాకు నేర్పుతారా అని. ఆమె చెప్పులేసుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్కదానివేనా? నక్కో, వద్దు. ఒక్కదానివి నేర్చుకుంటే ఒక్కదానివే మిగుల్తవ్. నలుగురుంటే చెప్పు, ఆదివారం ఆదివారం వస్త. ఈ నెల ఇరవై దాంక చూస్త. తర్వాత వేరే ఊరోళ్లకు మాటిస్త."

అప్పటి నుంచి తలుపులు తడుతున్నాను. "చూస్తం తియ్" అంటున్నారు. "చిన్నపిల్లలున్నరు" అంటున్నారు. "కలలకొస్తరంట గద" అని ఒకామె అంది. నాకు కోపం రావడం లేదు. ఈ భయంలో కొంత నేను నేర్పిందే. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య పది అడుగులుంటాయి మా వీధిలో. ఒక ఇంట్లో కాదనిపించుకుని రెండో ఇంటికి నడిచేటప్పుడు ఆ పది అడుగులు ఎంత దూరమో ఇప్పుడు తెలుస్తోంది. ఖాలా ఆ రోజు వీధంతా అలా నడిచింది.

ఒక్కరు ఒప్పుకున్నారు, మా అమ్మ. నిన్న నేను ఇది రాస్తుంటే, పొడుగు దిండు ఒకటి చాప మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఎడమ పక్కకు తిప్పి చూస్తోంది. ముందు కుడి వైపు కడగాలి కాబట్టి. దిండు మాటిమాటికీ వెల్లకిలా పడిపోతోంది. "ఒక్కదాన్తోని అయితలేదే. ఆ రాసుడు జర ఆపి, ఇటొచ్చి పట్టు" అని పిలిచింది. వెళ్లి పట్టుకున్నాను.

మంఖాల్, తుక్కుగూడ, మహేశ్వరం వైపు ఈ పత్రిక చదివే అక్కలారా, ఇంకా ఇద్దరు కావాలి. భయం పోయేదాకా ఆగనక్కర్లేదు, మాది కూడా పోలేదు. పత్రికకు ఒక కార్డు రాసినా సరే, మా మసీదు పక్కన, అజాన్ ఇచ్చే మౌజన్ గారింట్లో చెప్పినా సరే. రానని చెప్పేవాళ్లు కూడా ఆ మాట చెప్పండి, మళ్లీ మీ తలుపు తట్టను. ఏదైనా ఈ నెల ఇరవైలోపు చెప్పండి.