బాయి నుంచి తిరిగొచ్చిన అన్నం

పక్క క్వార్టర్‌లో కొత్తగా దిగిన అమ్మాయికి మూడో నెల. పొద్దున గని సైరన్ కంటే ముందు ఆమె వాంతుల చప్పుడే మాకు వినిపిస్తుంది. నిన్న మా గడపలో కూర్చుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని అడిగింది.

“అక్కా, నీకు సుత గిట్లనే అయ్యిందట గదా. ఏం తింటె ఆగింది?”

నా నోట్లో నువ్వుగింజ నానదని ఈ లైనులో అందరికీ తెలుసు. అడిగిందే తడవు మొదలుపెట్టాను. పడక మీంచి లేవకముందే గుప్పెడు మురమురాలు నమలాలి. కడుపు ఖాళీగా ఉంచకూడదు, అలాగని ఒక్కసారే నింపకూడదు. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. నీళ్లు అన్నం మీద తాగకుండా మధ్యమధ్యలో గుక్కెడు తాగాలి. అల్లం ముక్క నమిలితే కొందరికి పడుతుంది, నిమ్మకాయ వాసన చూస్తే కొందరికి. నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా దవాఖానకు పోవాలి. ఇవన్నీ గడగడా చెప్పి ఒక్కదాని దగ్గర ఆగిపోయాను. అది చెప్పాలంటే మా ఆయన గురించి చెప్పాలి.

నాలుగేళ్ల కిందటి మాట. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. అంతకు ముందు ఏడాది నాకొక కడుపు మూడో నెలలోనే పోయింది. అందుకని ఈసారి నెల తప్పినప్పుడు ఇంట్లో ఎవరం గట్టిగా సంతోషపడలేదు. మా ఆయన, అత్తమ్మ, నేను, ముగ్గురమూ పైకి అనకుండా ఎవరి మనసులో వాళ్లం రోజులు లెక్కపెట్టుకుంటున్నాం. ఈ బిడ్డ నిలవాలి. అంతకు మించి మాకు వేరే కోరిక లేదు.

రెండో నెల దాటకుండానే వేవిళ్లు పట్టుకున్నాయి. అత్తమ్మ వంటింట్లో తాళింపు వేస్తే నేను వెనక మోరీ దగ్గర కక్కుతూ ఉండేదాన్ని. పాపం ఆమె చేయనిది లేదు. పచ్చిపులుసు చేసింది, జొన్నగటక చేసింది, చింతచిగురు పప్పు వండింది, కమాన్‌పూర్‌లో ఉన్న తమ్ముడి చేత నాటుకోడి గుడ్లు తెప్పించింది. వేడివేడిగా పళ్లెంలో పెట్టి, “తినవే బిడ్డా, రెండు పానాలు గదా” అని బతిమాలేది. వేడి ఆవిరి ముక్కుకు తగలగానే నాకు పేగులు నోట్లోకి వచ్చేవి. ఒకరోజు పళ్లెం తోసేసి, “నన్ను సంపుతవా అత్తమ్మా?” అని అరిచాను. ఆమె లోపలికి పోయి ఏడ్చింది. కోపం తీరాక నేనూ ఏడ్చాను.

మా ఆయనది బాయి పని. బొగ్గుగనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఫస్ట్ షిఫ్టుకు పొద్దున ఆరింటికి రెండు గిన్నెల స్టీలు డబ్బా పట్టుకుని పోతే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉండేవాడు. ఒకరోజు ఆ డబ్బా కడుగుదామని మూత తీస్తే పై గిన్నెలో ఇంత అన్నం మిగిలి ఉంది. చల్లటి అన్నం, పక్కన మామిడికాయ తొక్కు పచ్చడి. ఎందుకో ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. అప్పుడే స్నానం చేసి తువ్వాలతో వచ్చిన ఆయన చూశాడు.

“ఏందే, మిగిలిన బువ్వ తింటున్నవ్?”

ఆగమని చేయి చూపించాను. ఇద్దరం గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డాం. ఐదు నిమిషాలయింది, పావుగంటయింది. వాంతి రాలేదు. ఆయన నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. పెళ్లిలో కూడా అంత నవ్వలేదు.

అత్తమ్మ అయితే దండం పెట్టుకుంది. “భూమితల్లి కడుపులకెళ్లి తిరిగొచ్చిన బువ్వ. గది నిలవకుంటె ఇంకేది నిలుస్తది?” అంది. ఆయన నమ్మాడు. పదో తరగతి చదివిన నేనూ నమ్మాను.

మర్నాటి నుంచి పై గిన్నె సగం నిండి తిరిగి వచ్చింది. వారం తిరిగేసరికి ముప్పావు వచ్చింది. తన చేయి తగలకముందే నా వాటా వేరు చేసి, అన్నాన్ని గిన్నెలో సమంగా ఒత్తి, మధ్యలో ఒక తొక్కు ముక్క పెట్టి మూసేవాడు. నేను సాయంత్రం కొంత, పడుకునే ముందు కొంత తినేదాన్ని. మొహంలోకి రక్తం వచ్చింది. మూడో నెల దాటింది. ఆ రోజు అత్తమ్మ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చింది.

ఇంకో గిన్నె కలిపి పెడతానని అత్తమ్మ అంటే, “లోపల గంత దూరం నడవాలె, బరువెందుకవ్వా?” అన్నాడు. ఒక గిన్నె అన్నం బరువెంతో నాకు తెలియదా? తన వాటాలోంచి మిగిల్చిందే నాకు నిలుస్తుందని ఆయన నమ్మకమేమో. ఒక్కసారి మాత్రం అడిగాను.

“అసలు నువ్వు తింటున్నవా?”

“నాకు లోపల ఆకలే కాదే. ఉడకపోతకు నీళ్లే తాగబుద్దయితది.”

అప్పటికే ఆయన బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడుచుకున్నాడు. అది నేను చూశాను. కూరగాయలవాడిని కూడా పది ప్రశ్నలు వేసే మనిషిని, ఆ ఒక్క ప్రశ్న రెండోసారి వేయలేదు. వేస్తే నిజం చెప్తాడేమోనని భయం. నిజం తెలిస్తే ఆ అన్నం తినలేను. తినకపోతే ఈ కడుపు కూడా పోతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆయన అడక్కుండానే పెట్టాడు, నేను అడక్కుండానే తిన్నాను.

నాలుగో నెల చివర్లో ఒక మధ్యాహ్నం ఆయనతో పనిచేసే, మేమంతా కాక అని పిలిచే పెద్దాయన మా గేటు దగ్గరికి వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరున్న మనిషి, ఆదివారం చర్చి తప్పనివాడు. మాస్కు మీద కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“బిడ్డా, ఫికర్ చెయ్యకు. షిఫ్టు దిగి మీదికెక్కుతుంటె కండ్లు తిరిగి పడ్డడు. దవాఖానకు తీస్కపోయిండ్రు.”

అత్తమ్మ గేటు పట్టుకుని కిందికి జారిపోయింది. ఎందుకు పడ్డాడని అడిగితే కాక తల దించుకున్నాడు. మామూలు రోజుల్లో బాయిలో అందరూ ఒక్కచోట కూర్చుని, ఒకరి కూర ఒకరికి వేసుకుని తింటారు. ఎవడైనా తినకపోతే తిట్టి తినిపిస్తారు. ఆ ఎండాకాలం మాత్రం కరోనా వల్ల ఎవరి డబ్బా వాళ్లు దూరం దూరంగా విప్పుకున్నారు.

“అయినా నేను పిలిచిన బిడ్డా, రెండు ముద్దలు తిందువు రారా అని. ఒక్కపొద్దు ఉన్న కాక, కడుపు నిలిచేదాక మొక్కుకున్న అన్నడు. దేవుని మొక్కుకు అడ్డమొస్తమా? ఊకున్న.”

ఒక్కపొద్దంటే రోజుకు ఒక్కపూటే తిని ఉండే ఉపవాసం. కాక చర్చిలో కూడా ఉపవాస దినాలు ఉంటాయి. ఎవరి దేవుడికైనా మొక్కు మొక్కే కదా అని ఆ పెద్దాయన గౌరవించాడు. మా ఆయన ఏ దేవుడికీ మొక్కలేదు. అన్నం నాకోసం మూటగట్టడానికి అబద్ధమాడాడు.

దవాఖానలో పరీక్ష చేస్తే కరోనా ఉందని తేలింది. అక్కడే ఉంచేసుకున్నారు. మాకు లేదన్నారు, కానీ ఇల్లు కదలొద్దన్నారు. నేను అదే స్టీలు డబ్బాలో రెండు గిన్నెల నిండా పెట్టి గేటు మీద ఉంచితే కాక తీసుకుపోయి వార్డు ఆయమ్మకు ఇచ్చేవాడు. మొదటి మూడు రోజులు డబ్బా ఖాళీగా వచ్చింది. తింటున్నాడు, ఇక భయం లేదనుకున్నాను. తాళింపు వాసనకు ముక్కు మూసుకునైనా నేనే వండాను.

నాలుగో రోజు పై గిన్నె బరువుగా ఉంది. చేతికి కవరు తొడుక్కుని మూత తీశాను. సగం అన్నం. సమంగా ఒత్తి ఉంది. మధ్యలో తొక్కు ముక్క.

జ్వరంలో ఏ లోకంలో ఉన్నాడో, షిఫ్టులోనే ఉన్నాననుకున్నాడో నాకు తెలియదు. నా వాటా నాకు పంపాడు.

“ముట్టకు బిడ్డా!” అంటూ అత్తమ్మ వెనక నుంచి ఒక్క అరుపు అరిచింది. “కడుపుతోటి ఉన్నవ్. నీకు దండం పెడత, ముట్టకు.” కన్నకొడుకు మిగిల్చిన బువ్వను ముట్టుకోవద్దని చెప్పడానికి ఆమెకు ప్రాణం ఎంత పోయిందో ఆ ముఖం చూస్తేనే తెలిసింది. నేనే పెరట్లో జామచెట్టు వెనక గుంట తీసి అన్నం వొంపి, బ్లీచింగ్ పొడి చల్లి మట్టి కప్పాను. తప్పు చేశానని అనను. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ అలాగే చేస్తాను. అయినా మెతుకులు మట్టిలో పడ్డ తీరు కళ్లముందు నుంచి పోదు.

ఆ తర్వాత మూడో రోజు ఆయన పోయాడు. చూడనివ్వలేదు.

తినకపోవడం వల్లే అలా అయిందని మనసులో పెట్టుకోవద్దని డాక్టరమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పింది. కొన్ని రోజులు ఆ మాట నాలో నిలుస్తుంది. కొన్ని రోజులు నిలవదు.

ఆరో నెలలో ఆశ వర్కర్ అక్క ఐరన్ మాత్రలు ఇవ్వడానికి వచ్చింది. కరోనా పనిలో పడి అంతకు ముందు ఆమె మా గడప తొక్కింది లేదు. వేవిళ్లలో ఏం తిన్నావని అడిగితే బాయి నుంచి వచ్చిన అన్నం సంగతి చెప్పాను. అప్పటికీ నాకు అదొక మహిమే.

“వేడి బువ్వ వాసనకే నీకు కక్కుడొచ్చింది చెల్లె. సల్లారితె వాసనుండది, గందుకే నిలిచింది. నేను అందరికీ గదే చెప్త.”

“ఇంట్ల సల్లార్చుకున్నా నిలుస్తుండెనా?”

“ఎక్కడ సల్లారితేంది?” అంది, రిజిస్టరులో ఏదో రాసుకుంటూ.

వంటింట్లో అత్తమ్మ ఆ మాట విన్నది. బయటికి రాలేదు. ఆ పూట అన్నం అడుగంటి మాడు వాసన వచ్చినా ఇద్దరం లేచి పొయ్యి ఆపలేదు.

ఆడపిల్ల పుట్టింది. మంచి బరువుంది, మంచి గొంతుంది. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతుంది. నోరు నాదే, ప్రతిదానికీ పది ప్రశ్నలు. నాన్న ఏడి అన్నదొకటే ఇంకా సరిగ్గా అడగలేదు.

ఇదంతా పక్కింటి అమ్మాయికి నిన్న చెప్పలేదు. చల్లారిన అన్నం సంగతి మాత్రం చెప్పాను. పొద్దున వండింది మూత పెట్టి పక్కన పెట్టు, చల్లారినాక మధ్యాహ్నంలోపు కొంచెం కొంచెం తిను అన్నాను. ఆమె తల ఊపి లేచింది. వాళ్లాయన అప్పుడే డ్యూటీ దిగి, బండి నిలిపి, డబ్బా పట్టుకుని గేటు తీస్తున్నాడు. ఆమెను చేయిపట్టి ఆపాను.

“ఆ డబ్బా కడిగేటప్పుడు మూత తీసి చూడు. బువ్వ మిగిలితె ఎందుకు మిగిలిందని అడుగు.”

“ఆకలి కాలేదంటడు గావచ్చు అక్కా.”

“అంటడు. మళ్ల అడుగు.”