మిషన్‌కు కొలత ఆయన చెవి

ఎనభైల మొదట్లో షార్జాలో మా ఇనుప కంపెనీ క్లినిక్‌లో కూలీల చెవులు పరీక్షించిన నెల్లూరు భాయ్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

రోజూ పొద్దున మొదట తానే హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకునేవాడు. తనకు వినబడేదాకా శబ్దం పెంచి, అదే మంచి చెవికి కొలత అని మిషన్ మీద గుర్తు పెట్టేవాడు.

"ఏడాదికోసారి మిషన్‌ను సరిచూడ పంపాలెగద భాయ్?" అన్నానొకసారి.

"అది పోతే మూడు నెల్లు రాదబ్బయా. నా చెవి యాడికీ పోదు."

గ్రైండింగ్ షెడ్డులో నా ఎడమ చెవి హోరెత్తుతోంది. చెవి దెబ్బతిన్నదని ఆయన కాగితం ఇస్తేనే నన్ను స్టోరుకు మారుస్తారు. మూడుసార్లు పరీక్షించాడు. మూడుసార్లూ "ఫస్ట్ క్లాస్! ఖలాస్, యల్లా" అని షెడ్డుకే తోలాడు. మూడోసారి వెళ్తూ ఆయన వెనకనుంచి "సలాం భాయ్" అన్నాను. తిరగలేదు. అరిస్తే తిరిగాడు. చెవులు పోయింది ఆయనకు. ఆ చెవులకు వినబడేంత శబ్దం నాకు వినబడక ఏమవుతుంది?

ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, నాలుగు ఫిర్యాదులు రాశాను. చివరికి మిషన్ బయటికి వెళ్లి సరై వచ్చింది. ఈసారి నా ఎడమ చెవి బండారం బయటపడింది.

స్టోరు కాగితం మీద సంతకం పెట్టి, గొంతు తగ్గించాననుకుని భాయ్ అడిగాడు: "నీకా హోరు ఎట్టుంటాదబ్బయా? నాకు మోటారు తిరిగినట్టుంటాది. ఎవురికీ చెప్పబాక."

బయట వరుసలో నిలబడ్డవాళ్లంతా విన్నారు.