బుర్రమీసాల దొరకు మా బాబాయి గొంతు

మా చిన్నప్పుడు... రంగూన్‌లో ఆదివారం బొమ్మకు వెళితే తెర మీది దొరలు కూడా మా శ్రీకాకుళం మాటే మాట్లాడేవారు.

మూకీల కాలం కదా... తెర పక్కన బెత్తం పట్టుకుని కథ చెప్పేది మా సూరిబాబాయి. నేల టిక్కెట్టుకి వచ్చే మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని రేవు కూలీలకు ఆయన చెప్పిందే కథ. ఒక్కచోట నిలబడేవాడా... అబ్బే, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉండేవాడు.

ఆ బొమ్మల్లో ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. హీరో ఏమీ కాదు... బుర్రమీసాలు, బానపొట్ట, ఎప్పుడు చూసినా కంగారు. ఒక బొమ్మలో బట్లరు, ఇంకోదాంట్లో పోలీసు, మరోదాంట్లో జడ్జీ. అవన్నీ వేరువేరు వేషాలంటే మావాళ్ళు ఒప్పుకునేవారు కాదు. మొన్నటి మనిషి ఇక్కడికెలా వచ్చాడని ఒకటే గోల. దాంతో బాబాయి అన్ని బొమ్మల్నీ ఒకే మనిషి బతుకుగా కలిపేశాడు.

"ఆ బంగళాలో పళ్ళేలు పగలగొట్టీసినాడు కదా, తగిలేసినారు. ఇప్పుడు పోలీసులో సేరినాడు. ఇక్కడైనా నిలుస్తాడో లేదో సూద్దాం."

ఈవేళ పని దొరికితే రేపు దొరకని మనుషులు... దొర ఉద్యోగం మీద బెంగపెట్టుకునేవారు. ఆయన జడ్జీ అయిన రోజు మా అమ్మ "పోన్లే, ఇన్నాళ్ళకి కుదురుకున్నాడు" అని నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

అంతలో మాట్లాడే బొమ్మ వస్తోందన్నారు. బాబాయికి తిండి సయించలేదు. ఇంట్లో కూడా అటూ ఇటూ పచార్లే.

"మనోళ్ళకి ఇంగిలీసేటి తెలుస్తాది? నేను లేకపోతే ఎలగవుతాది?" అని తనకు తనే ధైర్యం చెప్పుకునేవాడు.

తీరా ఆ రోజు హాలువాళ్ళు ఆయన్ని నోరెత్తవద్దన్నారు. ఆయన మాట్లాడితే తెర మాటలు వినపడవట. వచ్చి మా పక్కన నేల మీద కూర్చున్నాడు, కానీ కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు.

దొర వచ్చాడు. నోరు తెరిచాడు... సన్నటి గొంతు. వెనక కుర్చీల్లోని దొరలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మా నేలవాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఒక్కొక్కరే బాబాయి వైపు తిరిగారు.

"ఏటన్నాడు బాబాయ్?" అన్నాను.

ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"నాకేటి తెలుస్తాదే గుంటా... నాకు ఇంగిలీసు ఎప్పుడొచ్చింది కనక?"

ఆ గొంతుతో దొరకు ఇంకా పేరొచ్చిందని తర్వాత విన్నాను. బాబాయి మాత్రం రేవులో బస్తాల పనికి వెళ్ళాడు.

ఇప్పుడు తెర మీద అందరూ మాట్లాడేవాళ్ళే... ఎవరి ఉద్యోగం ఏమైందోనని బెంగపడేవాళ్ళే లేరు. మీ ఇళ్ళలోనూ ఇలా మూగబొమ్మకు గొంతిచ్చినవాళ్ళుంటే చెప్పండి... ఆ తర్వాత వాళ్ళు ఏ పనిలో కుదురుకున్నారో కూడా చెప్పండి.