నాయినకు చదవని వాక్యం

మన తరగతి సరోజకు ఒక నిజం చేరాలని ఇది రాస్తున్నాను. నిన్న ట్రంకుపెట్టె అడుగున నా ఆదివారం నోటుబుక్కు దొరికింది. ఇక దాచలేను.

గోదావరిఖని బడి నేస్తాల్లారా, మన క్వార్టర్లలో ఆదివారం పొద్దున కమ్ముకునే బొగ్గుపొయ్యి పొగ గుర్తుందా? గనికార్మికుడైన మా నాయిన ఆ పొగలో కూర్చొని, వారమంతా నేను చేసింది రాయించి చదివించుకునేవాడు. ఆయనకు చదువు రాదు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే.

"గని పైకప్పు యాడ పగిలిందో, దిగే షిఫ్టోళ్ళకు చెప్పినంకనే మేం ఎక్కుతం బిడ్డా. దాస్తె వాళ్ళ పాణం పోతది. నువ్వు గూడ గట్లనే చెప్పాలె," అనేవాడు.

ఒక వారం, "బడిలో గ్లోబు పగలగొట్టింది నేనే, దెబ్బలు సరోజ తిన్నది" అని రాశాను. చదివేటప్పుడు దాన్ని దాటేశాను.

నాయిన నోటుబుక్కులోకి తొంగిచూశాడు. "పేజీ నిండ రాసినవ్, గింతేనా?"

"అక్షరాలు పెద్దగ రాసిన నాయినా."

"సదువుకున్నదానివి. నువ్వు గంతే అంటె గంతే."

సోమవారం సరోజ బడికి రాలేదు. మళ్ళీ ఎన్నడూ రాలేదు.

ఆమె జాడ తెలిసినవాళ్ళు ఇదంతా ఆమెకు చదివి వినిపించండి. ఏమన్నదో వచ్చే ఆదివారంలోగా నాకు రాయండి. తిట్టినా సరే, ఒక్క మాట కూడా దాటేయకండి.