ఎడమవైపు మెత్త

ఒక మనిషి తాను చేయని తప్పును తనదేననుకుని చచ్చేదాకా మోశాడు. ఆ తప్పు నాది. ఏళ్లుగా ఈ మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోతోంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

జూలూరుపాడులో నాది సీట్లు కుట్టే దుకాణం. జీపులు, ఆటోలు, అప్పుడప్పుడు ట్రాక్టరు సీటు. పక్క తండాలో భీమ్లన్న ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికిచ్చేవాడు. ఒక్కటే గుర్రం, ఎర్రటి ఆడగుర్రం. దాన్ని ‘బిడ్డా’ అనే పిలిచేవాడు. 2005 ఎండాకాలంలో, పెళ్లిళ్లు మొదలవుతుండగా, జీను తెచ్చి నా ముందు పెట్టాడు. జీను అడుగున గుర్రం వెన్నెముకకు ఇటొకటి, అటొకటి రెండు మెత్తలుంటాయి. మనిషి బరువు ఎముక మీద పడకుండా కాసేవి అవే. వాటిలో ఉన్ని గడ్డలు కట్టిపోయింది.

“మళ్ల ఉన్నే నింపుదమా తమ్మీ, గాలి పెడ్దమా? పట్నంల గాలి మెత్తలు వచ్చినయంట. నువ్వెట్లంటే గట్ల” అన్నాడు.

ఉన్ని పని నాకు రాదా? వచ్చు. మా నాయన నేర్పాడు. గొర్రె ఉన్ని తెచ్చి, ముళ్లు ఏరి, వేళ్లతో విడదీసి, పుల్లతో కొంచెం కొంచెంగా కూరాలి. జీనును గుర్రం మీద పెట్టి, కాసేపు నడిపించి, తీసి చూడాలి. చెమట అంతటా సమంగా పడితే సరే. మధ్యలో పొడిగా మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తుతోందన్నమాట, మళ్లీ విప్పాలి. నాలుగు రోజుల పని. నా ముందేమో జీపు సీట్లు కుప్ప పడి ఉన్నాయి. “గాలే మంచిది” అన్నాను, ఎంతో తెలిసినవాడిలా. నిజానికి అలాంటి మెత్తను నేను కంటితో చూడనైనా లేదు.

సైకిల్ ట్యూబులు కోసి, చివర్లు అతికించి, గాలి కొట్టి లోపల పెట్టి కుట్టేశాను. ఎడమవైపు ట్యూబుకు పాత పంక్చర్ అతుకుంది. చూశాను. ఏం కాదులే అనుకున్నాను. గుర్రం దగ్గరికి పోనే లేదు.

మొదటి బరాత్ చండ్రుగొండలో. ఊరు తిరిగేసరికి ఎడమ మెత్త చప్పబడింది. జీను అటు వాలి, లోపలి చెక్క చట్రం గుర్రం మెడ మొదట్లో ఎముకను ఒరుసుకుంది. పెళ్లికొడుకు దిగాక చూస్తే అరచేయంత పుండు.

మూడోనాడు భీమ్లన్న జీను భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. “ఎడమ దిక్కు కుంగింది, ఏమైందో చూడు తమ్మీ” అన్నాడు, అంతే. లోపలికి తీసుకెళ్లి విప్పాను. అతుకు ఊడి ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బయటికొస్తూనే నేనే ముందు ఎగిరాను.

“కడుపు పట్టీ వదులుగ కట్టినవ్ భీమ్లన్నా. జీను జారి బరువంత ఎడమ దిక్కే పడ్డది. గాలి గందుకే దిగింది.”

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. “అవ్ తమ్మీ. నా చెయ్యే ఆగమైంది. బిడ్డ వీపు ఖరాబ్ చేసిన.”

ఎందుకన్నాను ఆ మాట? దుకాణానికి చెడ్డపేరు వస్తుందని భయమా? అదొక్కటే అయితే ఇంత సిగ్గుండేది కాదు. తండా మనిషి, నన్నేం నిలదీస్తాడులే అనుకున్నానా? అవును, అనుకున్నాను.

తర్వాత ఆ మెత్తలు ఉన్నితో నింపాను. ఈసారి తండాకు పోయి, చెమట చూసి, రెండుసార్లు విప్పి కుట్టాను. దానికే ఆయన పొంగిపోయాడు! “జీను పనంటే మా తమ్మి దగ్గరికే పోండ్రి. అప్పుడు తప్పు నాదే” అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను తలవంచుకుని సూదిలో దారం ఎక్కించేవాడిని.

పుండు మానింది. మానినచోట తెల్ల వెంట్రుకలు మొలిచాయి. చిన్నప్పటి నుంచి గుర్రాల మధ్యే పెరిగిన మనిషి, ఆ రోజు తర్వాత మళ్లీ పట్టీ ముట్టుకోలేదు. భార్య మంగ్లి బిగిస్తుంటే, దూరంగా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడు.

నిరుడు పోయాడు. చివరిచూపుకు వెళ్లాను. మంగ్లి వదిన పక్కనే చాలాసేపు నిలబడ్డాను. చెప్పలేదు. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఆయనకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, ఇది న్యాయం కాదని తెలిసీ. అయినా ఒక్కసారి పైకి అననివ్వండి.

పట్టీ నువ్వు మంచిగనే బిగించినవ్, భీమ్లన్నా.