శుక్రవారం నిప్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఆ కరువు ఏడు మా అనంతపురంలో ఒక సంసారాన్ని నిలబెట్టింది ఆ కోపమే.

నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. మా ఇల్లు శనక్కాయల మిల్లు వెనక వీధిలో. వానల్లేక గోరంట్ల వైపు నుంచి జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. మిల్లు గోడ పక్కనున్న ఖాళీ జాగాలో దిగేవాళ్ళు. కూలి దొరికితే ఉండేవాళ్ళు, లేకపోతే ఇంకో ఊరికి పోయేవాళ్ళు. మా ఆయన ఆ మిల్లులోనే కాటా వేసేవాడు. తన చేతనైనంతలో కొందరికి మూటలు మోసే పని ఇప్పించాడు.

ఒక శుక్రవారం సాయంత్రం ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి దిగారు. గొర్రెలు కాసుకునేవాళ్ళు. మేత లేక మందంతా చచ్చిపోయిందట. ఆ పిల్లది నా ఈడే, నిండు చూలాలు. రాళ్ళు ఏరి పొయ్యి పెట్టుకుని, ఒక కుండ పెంకు పట్టుకుని మా గడప ముందుకొచ్చింది.

"పెద్దమ్మా, రవ్వంత అగ్గి పెట్టు" అని మా అత్తను అడిగింది.

అత్త అప్పుడే దీపాలు పెట్టింది. శుక్రవారం దీపాలు పెట్టాక ఇంట్లోని నిప్పు బయటికి పోతే దాని వెంటే లక్ష్మి కూడా పోతుందని ఆమె నమ్మకం. అయినా మనసున్న మనిషి. లోపలికి పోయి కొత్త అగ్గిపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. అగ్గిపెట్టెను అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

"చూసినావా పొగరు? ఊరికే ఇస్తే వద్దంటాదా" అంది అత్త.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో నాకే తెలియలేదు. బిందెతో నీళ్ళు ఎత్తుకుని ఆ జాగాకు పోయాను. వాళ్ళు పొయ్యి ముట్టించనే లేదు. అతను విప్పిన మూట మళ్ళీ కడుతున్నాడు.

"ఏమప్పా, ఇప్పుడే గదా వచ్చింది, మళ్ళీ యాడికి?" అన్నాను.

"తెల్లారితే బళ్ళారి పక్కకు పోతామక్కా. ఈడ మాకు కుదరదు."

"ఈమెను నడిపిచ్చుకోని పోతావా? దావలో కాన్పయితే ఎవురు చూస్తారు?"

అతను మూట ముడి బిగించాడు. ఆ పిల్లే చెప్పింది. "అగ్గిపెట్టె మా కాడా ఉండాదక్కా. కొత్త తావుకు పోతే మొదటి పొయ్యి పక్కింటి అగ్గితోనే ముట్టిచ్చుకుంటాం మేము. అగ్గి ఇచ్చినారంటే ఉండమన్నట్లు. ఇయ్యలేదంటే పొమ్మన్నట్లే గదా."

"శుక్రవారమని ఇయ్యలేదు, అంతే. రేపు పొద్దున ఇస్తాం."

"ఒకతూరి లేదనిపిచ్చుకున్నాక మళ్ళీ అడగకూడదక్కా" అన్నాడతను.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అత్తేమో లక్ష్మి పోతుందని భయపడింది. వీళ్ళేమో తమను వెళ్ళగొట్టారనుకున్నారు. రెండు పట్టింపుల మధ్య నలిగేది ఆ కడుపులోని బిడ్డ.

విసవిసా ఇంటికొచ్చి అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, మన పెరట్లో కొట్టం ఎవురిది?"

గడ్డి కొనలేక ఎద్దులను అమ్మేశాక ఆ కొట్టం ఖాళీగానే ఉండేది.

"ఏం మాటే అది? మనదే."

"ఇంట్లోదా, బయటిదా?"

"ఇంట్లోదే."

"అట్లయితే వాళ్ళను ఆడ దింపుతా. వంటింట్లో అగ్గి కొట్టానికి పోతే ఇల్లు దాటినట్లా?"

అత్త గుడ్లురిమి చూసింది. అయినా నా నోరు ఆగలేదు. "పొద్దులు నిండిన మనిషి అత్తా. పొద్దున్నే దావ పడతాది."

అత్త దీపం దగ్గరికి పోయి వత్తి ఎగదోసింది. చివరికి, "పిలుచుకోని రా" అంది. "అగ్గి మాత్రం నేనిస్తా. నీకు నోరుండాదని పెత్తనమంతా నీదే అనుకోవద్దు."

ఆ పిల్ల పట్టిన పెంకులో అత్త తన చేత్తోనే కణకణలాడే బొగ్గులు వేసింది. కాసేపటికి కొట్టంలోంచి సంగటి ఉడికే వాసన వచ్చింది. ఆ వాసనకు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

వాళ్ళకు ఆ కొట్టంలోనే ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం అత్తే చేయించింది. అతనికి మిల్లులో పని కుదిరింది. తర్వాత వాళ్ళు ఆ పక్కనే సొంతంగా గుడిసె వేసుకున్నారు. ఆ జాగాలో కొత్తగా ఎవరు దిగినా మొదటి నిప్పు ఆ తల్లే ఇచ్చేది. వారం చూసేది కాదు.

కొన్నేళ్ళకు మేము రాప్తాడు రోడ్డు వైపు చిన్న ఇల్లు కట్టుకుని మారాం. వచ్చింది శుక్రవారమే. కొత్త కిరసనాయిలు స్టవ్ మీద పాలు పెట్టాను. దీపాలు పెట్టిన కాసేపటికి మా కొట్టంలో దిగినామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ఒక పాత కుండ, అందులో బూడిద కప్పిన నిప్పులు. ఊరి ఆ చివర నుంచి నడిచే వచ్చారు.

అత్తకు అప్పటికి చూపు తగ్గింది. అయినా సెగకు పోల్చుకుంది. "శుక్రవారం దీపాలు పెట్టినాక అగ్గి బయటికి తెచ్చినావా, పిచ్చిదానా?"

"బయటికి యాడ తెచ్చినా పెద్దమ్మా? ఇది మన ఇల్లే గదా" అందామె.

అత్త గోడ పట్టుకుని లేచింది. తడుముకుంటూ పోయి స్టవ్ మీది పాలగిన్నె దించేసి నా వైపు తిరిగింది.

"ఏమే, అట్లే నిలబడినావు? పొయ్యికి రాళ్ళు తేపో."