చెక్క తలకి అల్లిన టోపీలు
మసాచుసెట్స్ కొండల్లో ఉన్న మా వెస్ట్ హార్లోలో హల్దా ప్రాట్ నేసిన ఉన్ని బట్ట తొడుక్కోని మనిషి ఉండేవాడు కాదు. ఆడవాళ్లు ఉన్ని వడికి తెచ్చేవాళ్లు, ఆవిడ నేసి ఇచ్చేది. బదులుగా ఒకరు కట్టెలు కొట్టి పడేసేవాళ్లు, ఇంకొకరు పంది మాంసం పంపేవాళ్లు. మొగుడు పోయాక కూడా అలాగే గడిచింది. ఆ తర్వాత నది ఒడ్డున మిల్లులు లేచాయి. కొట్లోకి మిల్లు బట్ట తానులు తానులుగా దిగింది. మగ్గం మీద పిల్లి పడుకోవడం మొదలెట్టింది.

మా ఊళ్లో తిండికి లేనివాళ్లని మార్చి నెల ఊరి సభలో వేలం వేస్తారు. ఊరి నుంచి అందరికంటే తక్కువ డబ్బు తీసుకుని సాకుతానన్నవాడి ఇంటికి ఆ మనిషి వెళ్లాలి. వాడు పెట్టింది తినాలి, చెప్పిన పని చేయాలి. వచ్చే మార్చిలో తన వంతేనని హల్దా అత్తకి తెలుసు.

సరిగ్గా అప్పుడే కొట్టు నడిపే అమాసా కోల్ వేడి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన తాటాకు కట్టలు ఇంటింటికీ పంచాడు. టోపీలు అల్లి ఇస్తే సరుకులిస్తాడట. హల్దా అత్త ఇంక తల ఎత్తితే ఒట్టు! ఆకు నానబెట్టింది, సన్నగా చీల్చింది, చలికాలమంతా అల్లింది. ఫిబ్రవరిలో బండెడు టోపీలు కొట్లో దించింది.

అమాసా ఒకటి పెట్టుకుంటే ముక్కు దాకా జారింది. ఇంకోటి నడినెత్తిన పిట్టగూడులా నిలబడింది.

"ఏంటత్తా ఇవి? ఒకటి గుమ్మడికాయకీ, ఒకటి కోడిగుడ్డుకీ అల్లావా?"

"పెద్దది చర్చి పెద్ద సైలస్‌దిరా. వాడి బుర్ర సంగతి నీకు తెలీదూ! చిన్నది వాళ్ల బావమరిదిది. ఊళ్లో ప్రతి తలా దారంతో కొలిచి మరీ అల్లాను."

కొట్లో ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. ఎవరి ఒంటికో తెలియకుండా జన్మలో ఒక్క గుడ్డ నేసి ఎరగదు మరి!

"మనూరికి కాదత్తా. దక్షిణాదికి పోతాయి, పత్తి తోటల్లో బానిసలకి."

"అయితే? వాళ్ల తలలు మాత్రం అన్నీ ఒక్కలాగే ఉంటాయా?"

అమాసా నవ్వడం ఆపాడు. "కొనేవాడు అలాగే కొంటాడు, నేనేం చెయ్యను?" అని లోపలికెళ్లి ఒక చెక్క తల తెచ్చాడు. "దీని కొలతకి అల్లు. ఇవైతే తీసుకోలేను."

"ముఖం లేదేంట్రా దీనికి?"

"ఉంటే నీతో వాదన పెట్టుకుంటుందిగా!"

సభకి మూడు వారాలే ఉంది. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. సాయం అడగడానికి హల్దా అత్తకి నోరు రాలేదు, కానీ అడిగింది. మొక్కజొన్న పొత్తులు ఒలవడానికి ఒకరింట్లో చేరినట్టే ఆడవాళ్లంతా పళ్ల రొట్టెలు పట్టుకుని వచ్చారు, ఒంటి మీద మిల్లు బట్టలతోనే. కూర్చోబోతూ సిగ్గుపడ్డారు. ఆవిడ ఒకామె చెయ్యి దగ్గరికి లాక్కుని గుడ్డ నలిపి చూసింది.

"పల్చగా ఉంది. కానీ ఎక్కడా పోగు తప్పలేదే! సర్లే, ఏడవకుండా ఆకు విప్పండి."

టోపీలు విప్పారు, తడిపారు, మళ్లీ అల్లారు. ఈసారి అమాసా ఒక్కటీ వెనక్కి పంపలేదు. పిండి, ఉప్పు, చేపలు ఇంటికే చేర్చాడు.

మార్చి సభలో హల్దా అత్త వెనక గోడకి ఆనుకుని నిలబడింది. వేలం మొదలై, ముగిసింది.

"నువ్వెందుకొచ్చావత్తా? నీ పేరు లేదుగా," అన్నాడు సభ పెద్ద.

"లేదని చెవులారా విందామనే వచ్చాను," అంది.